చెంచుపెంట బడిలో మా శిబిరం

మా నల్లగొండ కాలేజీల్లో ఎన్నెస్సెస్ (జాతీయ సేవా పథకం) ప్రత్యేక శిబిరం అంటే మామూలుగా పక్క ఊరే. పొద్దున ర్యాలీ, ఆ తర్వాత శ్రమదానం, మధ్యాహ్నం ఇంటింటి సర్వే, రాత్రి ఆటా పాటా. 1969లో, గాంధీజీ శతజయంతి ఏడాది, 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైన పథకం ఇది. చేరిన వాళ్లు రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి, దానికి తోడు వారం రోజులు ఏదో ఒక ఊళ్లో ఉండి పనిచేయాలి. ఈ ఏడు ఆ వారాన్ని నల్లమలలోని ఒక చెంచుపెంట బడికి, అంటే అడవిలోని చెంచుల చిన్న ఊరి బడికి, ఇద్దామని మా ప్రోగ్రాం ఆఫీసర్ మేడం అన్నారు.

ఆ బడి సారు ఒకప్పుడు మేడం దగ్గర డిగ్రీ చదివినాయన. ఐదు తరగతులకూ ఆయనొక్కరే. "మీ పిల్లలొస్తే నాకు కొంచెం ఆసరా అయితది మేడం. కానీ పది పన్నెండు మందికి మించొద్దు. బ్యానర్లు కట్టొద్దు" అన్నారట. పెంట ఉన్నది పులుల అభయారణ్యం లోపల. అటవీశాఖ అనుమతి కావాలి, మన్ననూరులోని ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసుకూ చెప్పాలి. ఆ కాగితాల పని మేడమే చూసుకున్నారు. పెంట పేరు, సారు పేరు ఇక్కడ రాయడం లేదు. కొన్ని ఇళ్లే ఉన్న ఊరు, పేరు రాస్తే ఏ పిల్ల ఎవరో ఇట్టే తెలిసిపోతుంది.

శనివారం

నల్లగొండ నుంచి దేవరకొండ బస్సెక్కాం. కనగల్, గుర్రంపోడు, కొండమల్లేపల్లి. శివరాత్రి దాటిన వారం కాబట్టి పత్తి చేలల్లో కట్టె మాత్రమే మిగిలింది. బోర్లు పోస్తున్న చోట బత్తాయి తోటలు పచ్చగా ఉన్నాయి. దేవరకొండలో పద్మనాయకుల ఖిల్లా ఎక్కాలని అందరికీ ఉంది గానీ తీరిక లేదు. బియ్యం, పప్పు, నోటు పుస్తకాలు, తెల్ల చార్టులు మోసుకుంటూ ఇంకో బస్సు మారాం. డిండి ప్రాజెక్టు దగ్గర శ్రీశైలం రోడ్డు ఎక్కింది బస్సు. హాజీపూర్ చౌరస్తాలో అచ్చంపేట వాళ్లు దిగిపోయాక సీట్లు దొరికాయి.

అక్కడి నుంచి ఊళ్లు పలచబడి అడవి మొదలవుతుంది. మోదుగులు ఆకంతా రాల్చి ఒళ్లంతా పూసి ఉన్నాయి. మిగతా అడవి ఎండి గోధుమ రంగులో ఉంది కాబట్టి ఆ ఎరుపు ఎంత దూరం నుంచైనా కనబడుతోంది.

మన్ననూరులో అటవీశాఖ చెక్‌పోస్టు ఉంది. ఒక రోడ్డు అమ్రాబాద్ వైపు పోతుంది, ఇంకొకటి అడవి మధ్య నుంచి శ్రీశైలం పోతుంది. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా శ్రీశైలం రోడ్డు మీద బండ్లను పోనివ్వరు. 1983లో కృష్ణకు రెండు వైపులా కలిపి నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్ అని ప్రకటించారు. 2014లో తెలంగాణ వచ్చాక ఇటు వైపు భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది, 2,600 చదరపు కిలోమీటర్లకు పైనే. ఇప్పుడిది నాగర్‌కర్నూల్ జిల్లా. 2016 దాకా మహబూబ్‌నగర్ కిందే ఉండేది, ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ పాలమూరు అనే అంటారు.

మా బస మన్ననూరులోనే. రోజూ పొద్దున గేటు తీయగానే జీపులో పెంటకు వెళ్లి, చీకటి పడకముందే తిరిగి రావాలి. రాత్రి భోజనాల తర్వాత సారు వచ్చి మాతోపాటు చాప మీద కూర్చున్నారు. ఆయన చెప్పిందే ఈ వారమంతా మాకు దారి చూపింది కాబట్టి వీలైనంత ఆయన మాటల్లోనే రాస్తాను.

"ఈ బడికి చాలా మంది వచ్చిండ్రు. హైదరాబాద్ నుంచి వచ్చిండ్రు, ఒకసారి విదేశాల విద్యార్థులు కూడా వచ్చి రెండు మూడు రోజులు ఉన్నరు. గోడలకు బొమ్మలేసిండ్రు, బ్యాగులిచ్చిండ్రు, పిల్లలతో డ్యాన్సులు చేసిండ్రు. మంచి మనసుతోనే వచ్చిండ్రు, నేను ఎవరినీ తప్పు పట్ట. కానీ వాళ్లు పోయిన మర్నాడు నా బడికి సగం మంది రారు. పండుగ అయిపోయింది కదా, ఇంక బడెందుకు అనుకుంటరు. మీరు పండుగ చేయకండి. ఒక్కొక్కరు ఇద్దరు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్లు చెప్పేది వినండి. విన్నది రాయండి. రాసింది వాళ్లతోనే చదివించండి."

ఆయన టెన్షన్ అంతా ఐదో తరగతి పిల్లల గురించి. పెంట బడి ఐదు దాకానే. ఆ తర్వాత ఆశ్రమ పాఠశాల హాస్టల్‌కు పోవాలి. పంపిన పిల్లల్లో కొందరు నెల తిరక్కుండానే అడవి దారిన నడుచుకుంటూ ఇంటికి వచ్చేస్తారట. "చదవడం వచ్చిన పిల్ల అక్కడ నిలబడతది. రాని పిల్ల సిగ్గుపడి తిరిగొస్తది. ఇంటి మీద బెంగ అందరికీ ఉంటది, కానీ బెంగ ఒక్కటే అయితే నెలలో తగ్గుతది" అన్నారు.

ఆదివారం

బడి లేదు. పెంటలో ఇంటింటికీ వెళ్లి పలకరించి రమ్మన్నారు సారు. సర్వే కాగితాలు తేవద్దని మేడం ముందే చెప్పారు.

పెంటలో పాత గుండ్రటి గుడిసెలూ ఉన్నాయి, ప్రభుత్వం కట్టించిన స్లాబు ఇళ్లూ ఉన్నాయి. స్లాబు ఇళ్ల ముందే గుడిసె వేసుకుని అందులో పడుకునేవాళ్లు కూడా కనిపించారు. వేసవిలో స్లాబు కింద ఉడుకు భరించలేమన్నారు. ఫోన్ సిగ్నల్ లేదు. ఒక ఇంటి ముందు తపసి బంక ఆరబోసి ఉంది. తేనె, బంక, ఉసిరి, కుంకుడు లాంటివి గిరిజన సహకార సంస్థ (జీసీసీ) వాళ్లకు అమ్ముతారు. జీసీసీ అంటే పెంటలో చిన్న పిల్లలకు కూడా తెలుసు.

ఒక అవ్వ మమ్మల్ని వేపచెట్టు కింద కూర్చోబెట్టి మొదట అడిగిన మాట, "ఎన్ని దినాలుంటరు బిడ్డా?" వారం అన్నాం. "మంచిగనే ఉన్నరు" అంది. తర్వాత వెళ్లిన ప్రతి ఇంట్లోనూ ఇదే ప్రశ్న. మా పేర్లు, మా కాలేజీ, మేమేం చేస్తాం, ఇవేవీ ఎవరూ ముందుగా అడగలేదు.

మగవాళ్లలో కొందరు అటవీశాఖలో వాచర్లు. వేసవి మంటలు పాకకుండా ఎండుటాకులు ఊడ్చి ఫైర్ లైన్లు తీసే పనిలో ఉన్నారు. పులి అడుగులు చూసి అది ఎప్పుడు పోయిందో, ఎటు పోయిందో చెప్పేవాళ్లు వీళ్లే. చెంచులను ప్రభుత్వం ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహాల జాబితాలో పెట్టింది. ఆ మాట కాగితం మీద చదివి వచ్చిన నాకు, ఇక్కడి మనుషుల్ని చూశాక బలహీనత వాళ్లలో ఉందా, వాళ్లకు అందాల్సినవి అందకపోవడంలో ఉందా అనిపించింది.

పులుల అడవి నడిమి భాగమైన కోర్ ఏరియాలోని కొన్ని ఊళ్లను బయటికి తరలించే మాట నడుస్తోంది. వెళ్లే కుటుంబానికి 15 లక్షల రూపాయలు గానీ, భూమి, ఇల్లు గానీ ఇస్తారు. ఈ పెంటలో దాని మీద రెండు అభిప్రాయాలున్నాయి. పిల్లలకు రోడ్డు, దవాఖాన, పెద్ద బడి దగ్గరవుతాయని ఒకరన్నారు. "పైసలు ఎన్ని దినాలుంటయి? అడివయితే ఎప్పుడూ ఉంటది" అని వాళ్ల అన్న అన్నాడు. 2019లో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు వీళ్లంతా ఒక్కటయ్యారట. ఆ ఏడు సెప్టెంబరులో తవ్వకాలు వద్దని అసెంబ్లీ తీర్మానం చేసింది. ఆ సంగతి చెప్పేటప్పుడు ఇద్దరి గొంతూ ఒకటే. తరలింపు విషయంలో బయటివాళ్లం మేం చెప్పేదేమీ లేదు. కానీ ఊరు ఉంటుందో పోతుందో తెలియని చోట బడికి కొత్త గది రాదు, రెండో టీచరు రారు. ఆ నష్టం మాత్రం ఇప్పుడు చదువుతున్న పిల్లలకే.

సోమవారం

బడి ఒకటే గది, ముందు వరండా. పిల్లలు ఇరవై మందికి లోపే. ప్రార్థన, ప్రతిజ్ఞ అయ్యాక సారు ఒకటి, రెండు తరగతుల్ని ఒక మూల, మూడును మధ్యన, నాలుగు, ఐదును కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. ఒకరికి లెక్క ఇచ్చి, ఇంకొకరికి రాత పెట్టి, మూడోవాళ్లకు పాఠం చెప్పి, మళ్లీ మొదటివాళ్ల దగ్గరికి రావాలి. పూటంతా ఆయన ఒక్కసారి కూడా కుర్చీలో కూర్చోలేదు. ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియలు రావాలని 2022లో రాష్ట్రమంతా తొలిమెట్టు అనే కార్యక్రమం మొదలుపెట్టారు. ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో రాసిన పట్టిక ఈ బడి గోడకూ ఉంది.

నాకు ఇచ్చిన ఇద్దరిలో ఒకడు నాలుగో తరగతి పిల్లవాడు. అక్షరాలన్నీ వచ్చు. గుణింతం తడుముకోకుండా చెప్తాడు. వాచకం తెరిచి ఒక వాక్యం చదవమంటే మాత్రం ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి గట్టిగా చదువుతాడు, చివరికి వచ్చేసరికి మొదటిది మరిచిపోతాడు. పాఠం పట్నంలో రైలు ప్రయాణం గురించి. వాడు రైలు చూడలేదు. రైలు గురించి చదవకూడదని నేననను, తప్పకుండా చదవాలి. కానీ చదవడం నేర్చుకునే మొదటి రోజుల్లో పదం నోటికి రాగానే బొమ్మ కళ్ల ముందు కనబడాలి. వాడికి అది కనబడటం లేదు.

పుస్తకం మూసేసి, నిన్న ఏం చేశావురా అని అడిగాను. వాడు ఇంక ఆగలేదు. వాళ్ల అన్నతో కలిసి ఉడుము వెంట పడటం, అది పుట్టలో దూరటం, కుక్క పుట్ట దగ్గరే కూర్చోవటం, వీళ్లు రాత్రి దాకా చూసి ఇంటికి రావటం. చెప్తున్నంతసేపూ చేతులు ఊపుతూనే ఉన్నాడు. వాడు చెప్పింది చెప్పినట్టే పెద్ద అక్షరాలతో ఐదారు ముక్కలు రాసి వాడి ముందు పెట్టాను. మొదటి ముక్క కూడబలుక్కున్నాడు. రెండోది సగం చదివి మిగతా సగం గుర్తుపట్టాడు. మూడోది చదివి నా మొహం చూసి, "ఇది నేను జెప్పిందే" అన్నాడు. ఆ పూట ఆ కాగితాన్ని ఎన్నిసార్లు చదివాడో. గంట కొట్టాక కూడా వదల్లేదు, మడిచి నిక్కరు జేబులో పెట్టుకున్నాడు.

మధ్యాహ్న భోజనంలో ఆ రోజు గుడ్డు. వారానికి మూడుసార్లు ఇస్తారు. గుడ్డు రోజున హాజరు పెరుగుతుందని సారు అన్నారు. అందులో తప్పేముంది అనిపించింది. ఆకలి తీరే చోటికి పిల్లలు రావడం మంచిదే.

మంగళవారం

పొద్దున పిల్లలే మమ్మల్ని పెంట అంచున ఉన్న వాగు దాకా తీసుకెళ్లారు. ఇద్దరు తండ్రులు, ఒక వాచరు అన్న తోడు వచ్చారు. దూరం ఎక్కువేమీ కాదు గానీ, పిల్లలు ప్రతి చెట్టు దగ్గరా ఆగారు. నల్లమద్ది, తెల్లమద్ది, బిల్లుడు, తునికి, మొర్రి, యేగి, తపసి. మా బృందంలో బాటనీ చదివే అమ్మాయి ఉంది. ఆకులు రాలిపోయిన చెట్టును ఎలా పోల్చాలో ఆమెకూ కష్టమైంది. రెండో తరగతి పిల్ల బెరడు మీద గోరుతో గీరి, వాసన చూసి పేరు చెప్పేసింది. తెల్లగా, నున్నగా కాగితం పొరల్లా బెరడు లేచేది తపసి. దాని కాండానికి ఎక్కడ గాటు పెడితే బంక వస్తుందో, ఎంత లోతు పెడితే చెట్టు చచ్చిపోతుందో కూడా ఆ పిల్లకు తెలుసు.

తిరిగొచ్చి వరండాలో చార్టులు పరిచాం. అక్షరమాల పట్టికలు కొన్నవి గోడలకు ఉండనే ఉన్నాయి. పిల్లలే తమ పట్టిక తయారుచేయాలి. అ అంటే అడవిపంది అన్నారు. ఆ అంటే ఆరెచెట్టు. ఇప్ప, ఈత, ఉడుము, ఊడుగ, ఎలుగు, ఏదు. ఐ దగ్గర కాసేపు అందరూ ఆలోచనలో పడ్డారు. వెనక నుంచి ఒకడు "ఐతారం" అని అరిచాడు. అంతే, ఐతారం ఎక్కింది పట్టిక మీదికి, పక్కన బడికి తాళం బొమ్మ వేశారు. క దగ్గర కణుజు, చ దగ్గర చిరుత, త దగ్గర పెద్ద పంచాయితీ, తపసి పెట్టాలా తేనె పెట్టాలా అని. రెండూ పెట్టారు. పులి బొమ్మను ఎవరు వేయాలన్న దాని మీద ఇంకో పంచాయితీ.

బొమ్మలు వేసింది వాళ్లే. మా వాళ్లలో చక్కగా బొమ్మలేసే అబ్బాయి ఉన్నాడు, మేడం అతన్ని చేయి పెట్టనివ్వలేదు. ఏదుపంది ముళ్లను ఐదో తరగతి పిల్ల ఒక్కొక్కటిగా గీసింది. సగం నల్లగా, సగం తెల్లగా ఉండాలని, ముల్లు మధ్యలో గీత పెట్టి పై సగం మాత్రమే పెన్సిలుతో దిద్దింది. పట్టిక మొత్తం పూర్తయ్యేసరికి సాయంత్రమైంది.

బుధవారం

శ్రమదానం. చేతిపంపు దగ్గర నిలిచే నీటికి ఇంకుడు గుంత తవ్వి, రాళ్లు, ఇసుక నింపాం. బడి వంటగది చుట్టూ పొదలు కొట్టాం. ఊరి వాళ్లు గడ్డపారలు తెచ్చి మాతో సమానంగా పనిచేశారు. మేం గంటసేపు కుస్తీ పట్టిన గుంతను వాళ్లు వచ్చాక తొందరగానే ముగించాం. మధ్యాహ్నం నుంచి మళ్లీ పిల్లలతో చదువు.

గురువారం

ఈ రోజు కొంచెం వివరంగా రాయాలి.

ఒక పిల్ల తండ్రిని సారు బడికి పిలిపించారు. తేనె తీయడంలో ఆయన పేరున్న మనిషి. కొండ అంచున వేలాడే పెద్ద తేనెపట్లను దించాలంటే పై నుంచి తాడు మీద దిగాలి. అడవి తీగలతో పేనిన తాడును ఆయన బడికి తెచ్చి పిల్లల ముందు విప్పారు. చేతికి తీసుకుంటే గరుకుగా, బరువుగా ఉంది. ఎక్కడ నలిగిందో, ఎక్కడ కొత్త తీగ కలిపి పేనారో వేళ్లతో తడిమి చూపించారు. దిగేముందు ప్రతిసారీ మొదటి నుంచి చివరి దాకా ఇలా తడుముకుంటారట. పై నుంచి తాడు పట్టుకునేది భార్య అన్నో తమ్ముడో అయి ఉండాలి. బామ్మర్ది అయితే తన అక్కచెల్లెలి పసుపు కుంకుమల కోసమైనా తాడు వదలడని నమ్మకం. కిందికి దిగి, పొగ పెట్టి, ఈగలు లేచాక పట్టు కోస్తారు. మొత్తం కోయరు, కొంత ఈగలకు వదిలేస్తారు.

ఆయన వెళ్లాక, ఆయన కూతురు, మూడో తరగతి పిల్ల, ఈ సంగతే తన మాటల్లో చెప్పింది. నా స్నేహితురాలు రాసుకుంది. ఆ కాగితం నా దగ్గరుంది, ఉన్నదున్నట్టు ఇస్తున్నాను:

మా నాయిన తేనెకు పోతడు.
మా మామ తాడు పడతడు.
నాయిన కొండకు దిగుతడు.
పొగ పెడతడు.
ఈగలు లేస్తయి.
తేనె మొత్తం కొయ్యడు, ఈగలకు ఇడుస్తడు.
నాకు ఏలు మీద పెడతడు.

దీని మీద ఆ రాత్రి బసలో పెద్ద చర్చ జరిగింది. మా వాళ్లలో డీఎస్సీకి సిద్ధమవ్వాలనుకునే అన్న ఒకరున్నారు. పోతడు, పడతడు అని రాయనిస్తే రేపు పరీక్షల్లో మార్కులు పోతాయి, ఇప్పుడే దిద్దాలి అన్నాడు. ఆయన అన్నదీ పిల్లల మంచికే. సారు కాసేపు విని, "మూడో తరగతి పిల్ల ఈ రోజు ఏడు ముక్కలు ఆగకుండా చదివింది. జూన్ నుంచి ఒక్క ముక్క చదవలేదు. ఇప్పుడు నేను ఎర్ర పెన్ను తీస్తే మళ్లీ నోరు మూసుకుంటది. పుస్తకం భాష వస్తది, నేను నేర్పుత. ముందు చదవనీయండి" అన్నారు.

నాది మునుగోడు వైపు ఊరు. మేమూ ఇంట్లో పోతడు అనే అంటాం. చెంచు పిల్లలు మాట్లాడేదీ తెలుగే. యాస వేరు, కొన్ని మాటలు వేరు. వేరే భాష అయితే కనీసం అనువాదం చేయాలన్న ఆలోచనైనా ఎవరికో ఒకరికి వస్తుంది. తెలుగే కాబట్టి వీళ్లకు ప్రత్యేకంగా ఏమీ అక్కర్లేదనుకుంటాం. ఆ అనుకోవడంలోనే ఈ పిల్లలు వెనకబడిపోతున్నారని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఇంట్లో మాట్లాడే మాట బడిలో తప్పవుతుంటే ఏ పిల్లయినా నోరు విప్పదు. మొదటి రెండేళ్లు వాళ్ల మాటల్లోనే రాయించి, చదివించి, ఆ తర్వాత మెల్లగా పుస్తకం భాషలోకి తీసుకెళ్లడం ఒక్క టీచరుకు సాధ్యమయ్యే పనే. ఐదు తరగతులు ఒకేసారి చెప్పాల్సి వస్తే మాత్రం సాధ్యం కాదు. పిల్లల సంఖ్య చూసి టీచర్లను లెక్కగట్టే పద్ధతి అడవి బడుల విషయంలో మారాలి.

శుక్రవారం

మధ్యాహ్నం పెంట వాళ్లందరినీ బడికి పిలిచారు. మామూలుగా శిబిరం ముగింపు అంటే శాలువాలు, సర్టిఫికెట్లు, ఉపన్యాసాలు. ఇక్కడ పిల్లలే ఒక్కొక్కరుగా లేచి తమ కాగితం చదివారు. మొదట లేచినవాళ్లు మాటలు మింగారు. తర్వాత ధైర్యం వచ్చింది. ఒకరిది చేపలు పట్టడం, ఒకరిది సలేశ్వరం జాతర. చైత్ర పౌర్ణమికి జనమంతా వచ్చినప్పుడు తాను దారి చూపించానని వాడు రాయించాడు. ఒక పిల్లది చనిపోయిన మేక గురించి, చదువుతూ మధ్యలో ఏడ్చింది, ఏడుస్తూనే చివరి దాకా చదివింది. నా ఉడుము పిల్లవాడు కాగితం చూడకుండానే చెప్పేశాడు. సారు మళ్లీ కాగితం చేతికిచ్చి, వేలు పెట్టి చదువు అన్నారు. చదివాడు.

తేనె పిల్ల తండ్రి వెనక నిలబడి విన్నారు. కూతురు చదవడం అయ్యాక ముందుకు వచ్చి, ఆ కాగితం తన చేతికి తీసుకుని, "ఇందుల నా పేరు యాడుంది?" అని అడిగారు. పేరు లేదు, నాయిన అని ఉంది. ఆ పిల్ల అక్కడే కూర్చుని పైన తండ్రి పేరు రాసింది. సారు చూసి, అక్షరం పక్కన ఒక దీర్ఘం కలిపారు. ఆయన చాలాసేపు ఆ కాగితం పట్టుకుని ఉన్నారు. ఆయన చదువుకోలేదు. ఆ పేరును కూతురు వేలు పట్టి చూపిస్తుంటే ఒక్కో అక్షరమే చూశారు. మా అందరికీ కళ్లు చెమర్చాయి, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

చీకటి పడకముందే బయలుదేరాలి కాబట్టి వీడ్కోళ్లకు ఎక్కువ సమయం లేదు. మొదటి రోజు అడిగిన అవ్వే మళ్లీ అడిగింది, "ఇంక రారు కదా?" అని. వస్తామని మేమెవరం మాట ఇవ్వలేదు. ఇవ్వొద్దని సారు ముందే చెప్పారు. వచ్చేది ఖాయం కానప్పుడు పెంటలో మాట ఇవ్వకూడదని ఆయన నియమం. దానికి బదులు ఆయన మాకొక పని అప్పగించారు. కాగితాలన్నీ టైపు చేసి, పెద్ద అక్షరాలతో, పిల్లలు వేసిన బొమ్మలతో పుస్తకంగా కుట్టించి పంపమన్నారు. మాటలు మార్చొద్దు అన్నది ఆయన ఒక్క షరతు.

నల్లగొండ వచ్చాక ఆ పని మొదలుపెట్టాం. టైపు చేసే అబ్బాయి అలవాటుగా పోతడును పోతాడు చేశాడు, మళ్లీ వెనక్కి మార్చాం. గడియారం సెంటర్ దగ్గర ఒక జిరాక్స్ షాపులో కలర్ కాపీలు తీశాం. ఏదుపంది ముళ్లలో తెల్ల సగం సరిగ్గా రాకపోతే షాపు ఆయనే ఇంకోసారి తీసిచ్చారు, ఆ కాపీకి డబ్బులు తీసుకోలేదు. పుస్తకాలు మార్చిలోనే సారుకు చేరాయి. మూడో తరగతి వాళ్లు రెండో తరగతి వాళ్లకు చదివి వినిపిస్తున్నారని ఆయన మన్ననూరు వచ్చినప్పుడు మేడంకు ఫోన్ చేసి చెప్పారు. వేసవి సెలవుల్లో మొర్రిపండ్లకు పోయే పిల్లల కోసం కొత్త నోటు పుస్తకాలు అడిగారు. రూళ్లు లేనివి కావాలన్నారు, బొమ్మలు వేసుకోవడానికి.

ఐదో తరగతి అయిపోయిన ముగ్గురు జూన్ 12న బడులు తెరిచాక హాస్టల్‌లో చేరతారు. ఏదుపంది బొమ్మ వేసిన పిల్ల అందులో ఒకతి. ఆ వారం మేడంతో పాటు మా వాళ్లం నలుగురం అక్కడికి వెళ్తున్నాం. వార్డెన్‌తో మాట్లాడి ఆ పుస్తకం కాపీలు కొన్ని హాస్టల్‌లో కూడా పెట్టాలి, ఆరో తరగతికి తెలుగు చెప్పే టీచరును కలిసి ఈ పిల్లలు ఎలా చదవడం నేర్చుకున్నారో చెప్పాలి.